మెట్ల మీద పాలబ్బాయి: మా రౌటర్ కెర్నల్‌లో ఒక యూజ్-ఆఫ్టర్-ఫ్రీ వెంట ఐదు వారాలు

మొదటి వారమంతా అందరం ర్యామ్‌నే తిట్టుకున్నాం.

మేం తయారుచేసేది కేబుల్ ఆపరేటర్ల ఆఫీసుల్లో ర్యాక్‌లో కూర్చునే గేట్‌వే డబ్బా. ఊళ్లో రెండు మూడు వేల ఇళ్ల ఇంటర్నెట్ దాని గుండానే వెళ్తుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎంత డేటా వాడారు, ప్యాక్ అయిపోయిందా లేదా, అన్నీ అదే చూసుకుంటుంది. లోపల ఉన్నది లినక్స్, దాని కెర్నల్ (అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 5.4. దానికి తోడు మా సొంత కెర్నల్ మాడ్యూల్ (కెర్నల్ లోపలే నడిచే అదనపు ముక్క) ఒకటి, ఆరు వేల లైన్ల సీ కోడ్, నేను ఈ కంపెనీలో చేరక ముందే ఎవరో రాసి వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్ల కోడ్ అంటే మా ఆఫీసులో ఒక రకమైన భయభక్తులు, పనిచేస్తున్నంత కాలం దాన్ని ఎవరూ ముట్టుకోరు.

కొత్త మోడల్ డబ్బాలు వెళ్లిన రెండు నెలలకి కోస్తాలో ఒక ఆపరేటర్ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. రెండు మూడు రోజులకోసారి డబ్బా దానంతటదే రీబూట్ అవుతోంది, అదీ సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య, అంటే ఊరంతా క్రికెట్టో సీరియలో ఫోన్లో పెట్టుకుని కూర్చునే టైములో. లాగ్ పంపించండి అంటే అక్కడ నెట్‌వర్క్ చూసుకునే కుర్రాడు లాగ్ పంపలేదు గానీ తనే ఒక మందు కనిపెట్టాడు: రోజూ తెల్లవారుజామున 4 గంటలకి డబ్బాని రీబూట్ చేసేలా షెడ్యూల్ పెట్టేశాడు. రెండు వారాలు క్రాష్‌లు తగ్గినట్టే అనిపించింది, మా మేనేజర్ ఆ మందుని మిగతా ఆపరేటర్లకి కూడా చెప్పేద్దామన్నాడు (జోక్ కాదు, నిజంగానే అన్నాడు). తర్వాత తెలిసిందేంటంటే ఆ రెండు వారాలూ పిల్లల పరీక్షలు, ఊళ్లో నెట్ వాడకమే తక్కువ.

మా ల్యాబ్‌లో హార్డ్‌వేర్ చూసే సీనియర్ ఒకాయన ఉన్నాడు, కరీంనగర్ ఆయన, మేమందరం అన్నా అంటాం. విషయం చెప్పగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ర్యామ్ మార్చి చూసినవా తమ్మీ?"

ఆ అనుమానంలో తప్పులేదు. చేతికొచ్చిన రెండు క్రాష్ ఫొటోలూ (అవును, మానిటర్‌కి ఫోన్‌తో తీసిన ఫొటోలే) రెండు వేర్వేరు చోట్ల పడినట్టు చూపించాయి. ఒకటి ఫైల్ సిస్టమ్ కోడ్‌లో, ఇంకొకటి టీసీపీలో, అంటే నెట్ కనెక్షన్లు నడిపే కోడ్‌లో. కోడ్‌లో తప్పుంటే ఒకే చోట పడాలి, ఇలా చోటు మారుతూ పడుతోందంటే మెమరీ చిప్పే పాడై ఉండాలి అని ఎవరైనా అనుకుంటారు. ర్యామ్ మార్చాం, తర్వాత డబ్బానే మార్చాం. పాత డబ్బాని హైదరాబాద్ తెప్పించి రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపితే ఒక్క బిట్ కూడా తేడా రాలేదు. కొత్త డబ్బా ఐదో రోజున పడిపోయింది.

అప్పుడు నాకు అప్పగించారు. నాకు కెర్నల్ వచ్చని కాదు, టీమ్‌లో అప్పటికి ఖాళీగా ఉన్నది నేనే.

ముందు లాగ్ సరిగ్గా దొరకాలి కదా, అందుకని ర్యామూప్స్ పెట్టాను. రీబూట్ అయినా చెరిగిపోకుండా ర్యామ్‌లో ఒక చిన్న ముక్కని పక్కన పెడితే, చచ్చేముందు కెర్నల్ తన ఆఖరి మాటలు అక్కడ రాసిపోతుంది, మళ్లీ లేచాక వాటిని ఫైల్‌లాగా చదువుకోవచ్చు. ఆ బిల్డ్ నాలుగు చోట్లకి పంపితే పది రోజుల్లో ఏడు లాగులు వచ్చాయి. ఏడూ ఏడు రకాలు. ఒకదానికి ఇంకొకదానికి పోలికే లేదు, నాలుగో దాని దగ్గర మాత్రం ఆగిపోయాను.

అందులో పీసీ రిజిస్టర్ విలువ, అంటే ప్రాసెసర్ ఏ అడ్రస్‌లో ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌ని నడపబోతోందో ఆ నంబర్, అడ్రస్‌లాగే లేదు. కెర్నల్ అడ్రస్‌లు ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్ అని మొదలవుతాయి, చూస్తూ చూస్తూ కంటికి అలవాటైపోతాయి. ఇదేమో 6లూ 7లతో నిండిపోయి ఉంది. 6, 7తో మొదలయ్యే బైట్లంటే ఆస్కీలో (అక్షరాలకి కంప్యూటర్ వాడే నంబర్ల పట్టిక) చిన్నక్షరాలు. కాగితం మీద వెనక నుంచి ముందుకి రాసుకుని చదివాను, ఎనిమిది అక్షరాలూ కలిపితే ఒక షాపింగ్ వెబ్‌సైట్ పేరులో మధ్య ముక్క వచ్చింది.

ఒంట్లో చిన్న వణుకు పుట్టిందంటే నమ్మండి. మా కెర్నల్ ఎవరో బ్రౌజర్‌లో టైప్ చేసిన వెబ్‌సైట్ పేరులోకి దూకబోయింది.

ఆ పేరు అక్కడికెలా వచ్చిందో కనిపెట్టడానికి ఒక రోజు పట్టింది. మా డబ్బాయే ఇళ్లకి డీఎన్ఎస్ జవాబులు (వెబ్‌సైట్ పేరు అడిగితే దాని అడ్రస్ చెప్పేవి) ఇస్తుంది. జవాబు పంపేటప్పుడు కెర్నల్ ఆ ప్యాకెట్ కోసం ఒక బఫర్, అంటే మెమరీలో కొంత చోటు, తీసుకుంటుంది. చిన్న ప్యాకెట్ అయితే దాని డేటా, వెనకాల ఉండే కెర్నల్ సొంత లెక్కలు (వాటికే 320 బైట్లు పోతాయి) కలిపి 512 బైట్ల అరల్లో సరిపోతుంది. కెర్నల్ మెమరీ ఇలా సైజుల వారీగా అరలు కట్టి ఉంటుంది, కిరాణా కొట్లో డబ్బాల్లాగా. మా మాడ్యూల్‌లో ఒక్కో సబ్‌స్క్రైబర్ సెషన్‌కి ఉండే స్ట్రక్చర్ (దాని వివరాలన్నీ ఉంచే ముక్క) దాదాపు 400 బైట్లు, అంటే అదీ 512 అరలోనే కూర్చుంటుంది. డీఎన్ఎస్ జవాబులో అడిగిన పేరు అక్షరం పొల్లుపోకుండా తిరిగొస్తుంది. మా సెషన్ స్ట్రక్చర్‌లో ఒక ఫంక్షన్ పాయింటర్, అంటే నడపాల్సిన కోడ్ ఎక్కడుందో చెప్పే అడ్రస్, ఉంది. మనం ఫ్రీ చేసిన (పని అయిపోయిందని వెనక్కి ఇచ్చేసిన) అరలోకి డీఎన్ఎస్ జవాబు వచ్చి కూర్చుంది, అది తెలియని ఎవరో ఇంకా అది సెషనే అనుకుని ఆ పాయింటర్ వైపు దూకారు.

దీన్నే యూజ్-ఆఫ్టర్-ఫ్రీ అంటారు. వేరే వేరే చోట్ల ఎందుకు పడుతోందో కూడా అప్పుడే అర్థమైంది. ఆ అరలో తర్వాత ఎవరు అద్దెకి దిగితే వాళ్ల సామాను మీద మనం రాసేస్తున్నాం, చివరికి క్రాష్ అయ్యేది వాళ్లు. ఫైల్ సిస్టమ్ వాడూ టీసీపీ వాడూ పాపం బాధితులు, దొంగ వేరు.

అన్న దగ్గరికి కాగితం పట్టుకెళ్లాను. చూసి కాసేపు ఏం మాట్లాడలేదు. "గిది ర్యామ్ కాదు తమ్మీ" అన్నాడు, టీ తాగి వచ్చాక "పేరు వాడే టైప్ చేస్తడు కదా మరి, మంచిదొకటి ఏరుకుని టైప్ చేస్తే?" అన్నాడు. ఆ ప్రశ్న అప్పటిదాకా నాకు తట్టలేదు, నిజం చెప్తున్నాను. అప్పటిదాకా నేను వెతుకుతున్నది ఒక క్రాష్‌ని.

దొంగని పట్టుకోవడానికి రెండు పనిముట్లు వాడాను. మొదటిది చాలా చవక: బూట్ ఆప్షన్లలో స్లబ్ డీబగ్ పాయిజన్ పెడితే కెర్నల్ ఫ్రీ చేసిన ప్రతి ముక్కనీ 6బీ అనే బైట్‌తో నింపేస్తుంది, ఖాళీ చేసిన ఇంటికి సున్నం కొట్టినట్టు. ఆ తర్వాత ఎవరైనా ఆ ముక్కలోంచి పాయింటర్ చదివితే 6బీ6బీ6బీ అనే అడ్రస్ కనిపిస్తుంది, 6బీ అంటే అక్షరాల్లో చిన్న 'కె'. ఆ బిల్డ్ వెళ్లాక వచ్చిన మూడు లాగుల్లోనూ అవే 'కె'లు, మూడూ మా మాడ్యూల్‌లోని టైమర్ ఫంక్షన్‌లోనే (పెట్టిన సమయానికి దానంతటదే నడిచే కోడ్). ఏడు రకాల చావులు ఒక్క రకానికి వచ్చేశాయి. ఇది మొదటి రోజే చేసి ఉంటే మూడు వారాలు మిగిలేవి, ఇప్పుడనుకుని ఏం లాభం.

టైమర్ ఫంక్షన్ చచ్చిన సెషన్‌ని ముట్టుకుంటోందని తెలిసింది, మరి దాన్ని ఎవరు చంపారు? దానికి రెండో పనిముట్టు, కేసాన్, మెమరీ తప్పులు పట్టే కెర్నల్ సొంత సాధనం. ఇది 2015లో 4.0తో కెర్నల్‌లోకి వచ్చింది. ప్రతి 8 బైట్ల మెమరీకి 1 బైట్ చొప్పున పక్కన ఒక నీడ లెక్క రాసుకుంటుంది, కంపైలర్ సాయంతో ప్రతి చదవడానికీ రాయడానికీ ముందు ఆ నీడని చూస్తుంది. ఫ్రీ అయిన చోటైతే నీడలో ఎఫ్‌బీ అని ఉంటుంది, పట్టేసుకుంటుంది. పైగా ఫ్రీ చేసినదాన్ని వెంటనే ఇంకొకరికి ఇవ్వకుండా కొంతసేపు క్వారంటీన్‌లో పెడుతుంది (కరోనాకి ముందు నుంచే ఆ పేరు ఉంది). మెమరీ తింటుంది, నెమ్మది చేస్తుంది, కాబట్టి ఊళ్లో డబ్బా మీద పెట్టలేం. కెర్నల్ 5.12 నుంచి కేఫెన్స్ అని ఒకటి ఉంది, అక్కడొకటి ఇక్కడొకటి శాంపిల్‌గా చూస్తుంది కాబట్టి నడుస్తున్న డబ్బాలో కూడా పెట్టుకోవచ్చు, కానీ మాది 5.4 కదా.

అందుకని నా ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని అనుకరించే ప్రోగ్రామ్) మీద నాలుగు సీపీయూలతో అదే కెర్నల్‌ని లేపి, సెకనుకి 200 సెషన్లు లాగిన్ చేసి తీసేసే స్క్రిప్ట్ రాసి, ఐడిల్ టైమ్‌ని ఒక్క సెకనుకి తగ్గించి వదిలాను. రెండు రోజులు ఏమీ పడలేదు. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బుద్ధిగా నడిచింది. కారణం కేసానే, అది అన్నిటినీ నెమ్మది చేసేసరికి రెండు పనులు ఢీకొనే ఆ సన్నటి సందు మూసుకుపోయింది. అప్పుడు టైమర్ ఫంక్షన్ మొదట్లో, లాక్ (ఒకేసారి ఒక్కరే లోపలికి వెళ్లేలా పెట్టే గడియ) తీసుకునే ముందు, కావాలనే 5 మిల్లీసెకన్లు ఊరికే ఆగమని ఒక లైను పెట్టాను. సందుని చేత్తో విడదీసినట్టన్నమాట. నలభై సెకన్లలో పడింది.

కేసాన్ రిపోర్ట్‌లో మూడు స్టాకులు (ఎవరు ఎవర్ని పిలిస్తే అక్కడికి చేరారో చెప్పే జాబితాలు) ఉంటాయి: ఇప్పుడు ముట్టుకున్నది ఎవరు, దీన్ని మొదట అడిగి తీసుకున్నది ఎవరు, ఫ్రీ చేసింది ఎవరు. ముట్టుకున్నది సీపీయూ 2 మీద టైమర్. ఫ్రీ చేసింది సీపీయూ 0 మీద, బిల్లింగ్ ప్రోగ్రామ్ పంపిన లాగౌట్ ఆజ్ఞ. ఆ ఫ్రీ చేసే చోట పాత ప్రోగ్రామర్ కామెంట్ ఒకటి ఉంది, లాక్ మన చేతిలో ఉంది కాబట్టి టైమర్ నడవదు అని.

ఆ కామెంట్ మీద రెండు రోజులు కూర్చున్నాను. దాన్ని రాసినప్పుడు అది నిజమే.

ఇది కొంచెం ఓపికగా చెప్పాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం, రోజూ పొద్దున్నే పాలబ్బాయి వస్తాడు అనుకోండి. వాడే టైమర్. ఇల్లు ఖాళీ చేస్తూ డెయిరీకి ఫోన్ చేసి "ఇక పాలు వద్దు" అంటాం, కెర్నల్‌లో దాన్ని డెల్ టైమర్ అంటారు. ఫోన్ చేస్తే రాబోయే రోజుల పాలు ఆగుతాయి. కానీ మనం ఫోన్ చేస్తున్న నిమిషానికే వాడు మెట్లెక్కుతూ ఉంటే? వాడికి ఫోన్ సంగతి తెలియదు, వచ్చేస్తాడు. అప్పటికి మనం తాళం ఓనర్‌కి ఇచ్చేశాం, ఇంట్లో వేరేవాళ్లు దిగారు, వాడు వాళ్ల వంటింట్లోకి వెళ్లి పాత లెక్క ప్రకారం గిన్నెలో పాలు పోసేస్తాడు.

మా పాత డబ్బాలో ప్రాసెసర్‌కి ఉన్నది ఒక్క కోర్. అంటే ఊరు మొత్తానికి మనిషే ఒక్కడు, వాడే ఫోన్ చేయాలి, వాడే పాలు పోయాలి. ఆ లాక్ తీసుకున్నప్పుడు ఆ కోర్ మీద టైమర్లు నడవకుండా ఆగిపోతాయి, కాబట్టి ఫోన్ చేస్తున్న క్షణంలో మెట్ల మీద ఎవరూ ఉండే అవకాశమే లేదు. కామెంట్ రాసినాయన సరిగ్గానే ఆలోచించి రాశాడు. కొత్త డబ్బాలో నాలుగు కోర్లు పెట్టాం, వేగం పెరుగుతుందని బ్రోచర్‌లో కూడా వేశాం. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. సీపీయూ 0 లాక్ పట్టుకుని ఫోన్ చేస్తోంది, సీపీయూ 2 మీద పాలబ్బాయి అప్పటికే మెట్లెక్కి అదే లాక్ కోసం గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఇటువైపు ఇల్లు ఖాళీ చేసి లాక్ వదలగానే వాడు లోపలికి అడుగుపెట్టాడు. సాయంత్రాలే ఎందుకంటే, లాగిన్లూ లాగౌట్లూ ఎక్కువ అప్పుడే.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి, దాచుకుంటే ఈ రాత ఎందుకు.

కెర్నల్‌లో డెల్ టైమర్ సింక్ అని ఇంకొక ఫంక్షన్ ఉంది. అది ఫోన్ చేసి ఊరుకోదు, మెట్ల మీద ఉన్నవాడు పని ముగించుకుని కిందికి దిగేదాకా ఆగుతుంది. ఓహో ఇదే కదా కావాల్సింది అని, ఉన్న చోటే పేరు మార్చి, కేసాన్ కింద ఒక గంట నడిపి, శుక్రవారం సాయంత్రం ఆ బిల్డ్ అదే ఆపరేటర్‌కి పంపేశాను. శుక్రవారం పంపకూడదని తెలుసు. రాత్రి 7:40కి ఫోన్. ఈసారి డబ్బా రీబూట్ కాలేదు, బిగుసుకుపోయింది. ముందు కనీసం దానంతటదే పడి లేచేది, ఇప్పుడు కుర్రాడు బైక్ మీద ఆఫీసుకొచ్చి ప్లగ్ పీకి పెట్టాల్సి వచ్చింది. కన్సోల్ మీద సాఫ్ట్ లాకప్, సీపీయూ 22 సెకన్లుగా ఇరుక్కుపోయింది అన్న మెసేజ్ మళ్లీ మళ్లీ.

జరిగిందేంటంటే, నేను గుమ్మానికి లోపల నుంచి గడియ పెట్టుకుని, పాలబ్బాయి వచ్చి వెళ్లాకే గడియ తీస్తానని కూర్చున్నాను. వాడేమో గడియ తీస్తే గానీ రాలేనని బయట నిలబడ్డాడు. ఇద్దరం అలాగే ఉండిపోయాం. ఆ ఫంక్షన్ పైనున్న కామెంట్‌లోనే రాసి ఉంది, టైమర్ పని పూర్తవ్వకుండా అడ్డుపడే లాకులేవీ పట్టుకుని దీన్ని పిలవొద్దని. నేను చదవలేదు. లాక్‌డెప్ (లాకులు ఇలా ఇరుక్కునే తప్పుల్ని పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసి ఉంటే ల్యాప్‌టాప్‌లోనే అరిచి చెప్పేది, కేసాన్‌తోనే నెమ్మదిగా ఉంది కదా అని దాన్ని ఆపేశాను. సోమవారం పొద్దున మేనేజర్ మొహం చూడాలనిపించలేదు. ఆయన ఏమీ అనలేదు, అదింకా ఘోరం.

ఆ వారాంతం ఇంట్లో కూర్చుని, ఇది మాకొక్కళ్లకేనా అని పాత కథలు వెతికి చదివాను. ఊరటా దొరికింది, భయమూ పెరిగింది. డీసీసీపీ అనే ఒక ప్రోటోకాల్ ఉండేది, నూటికి తొంభై మంది నెట్‌వర్క్ ఇంజనీర్లు పేరు కూడా విని ఉండరు. 2017 ఫిబ్రవరిలో ఆండ్రీ కొనొవాలోవ్ అందులో ఒక డబుల్ ఫ్రీ (ఒకే ముక్కని రెండుసార్లు ఫ్రీ చేయడం) బయటపెట్టాడు, సీవీఈ-2017-6074 (సీవీఈ అంటే బయటపడ్డ సెక్యూరిటీ తప్పుకి ఇచ్చే గుర్తింపు నంబర్). సిజ్‌కాలర్ అనే ఫజర్ సిస్టమ్ కాల్స్‌ని (ప్రోగ్రాములు కెర్నల్‌ని అడిగే పనుల్ని) పిచ్చిపట్టినట్టు కలిపి కొడుతూ పోతే బయటపడింది. తప్పు కోడ్‌లోకి వచ్చింది 2005లో. చూస్తే ఎంత చిన్నదో: ఒక ప్యాకెట్ బఫర్‌ని ఇంకొకరు దాచుకుని, దాన్ని ఎంతమంది పట్టుకున్నారన్న లెక్కలో ఒకటి పెంచారు, అసలు ఫంక్షన్ మాత్రం ఆ లెక్క చూడకుండా బఫర్‌ని బలవంతంగా ఫ్రీ చేసేసింది. బలవంతపు ఫ్రీ బదులు లెక్క చూసి వదిలే ఫంక్షన్‌ని పిలవడమే ఆ ప్యాచ్. సాధారణ యూజర్ రూట్ (మొత్తం అధికారం ఉన్న యూజర్) అయిపోయేంత తప్పుకి మందు రెండు లైన్లు. ఆ డీసీసీపీని ఎవరూ వాడటం లేదని 2025లో కెర్నల్ 6.16లో మొత్తానికే తీసేశారు.

ఇంకొకటి సీవీఈ-2021-22555, నెట్‌ఫిల్టర్‌లో, అంటే లినక్స్ ఫైర్‌వాల్ కోడ్‌లో, ఆండీ గుయెన్ పట్టుకున్నాడు. 32 బిట్ ప్రోగ్రాములు ఇచ్చే ఫైర్‌వాల్ రూల్స్‌ని 64 బిట్‌కి మార్చే చోట బఫర్ చివర దాటి కొన్ని సున్నాలు రాసేస్తుంది, అంతే. ఆ కొన్ని సున్నా బైట్లతో ఆయన కంటైనర్ (ప్రోగ్రామ్‌ని విడిగా బంధించి ఉంచే గది లాంటిది) దాటి బయటికి వచ్చి చూపించాడు. అది 2006 నుంచీ అక్కడే ఉంది, పదిహేనేళ్లు. అదే ఫైర్‌వాల్‌లోని ఎన్ఎఫ్ టేబుల్స్ భాగంలో వచ్చిన సీవీఈ-2024-1086ని అయితే నిజంగా దాడుల్లో వాడుతున్నారని అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ సీసా 2024 మేలో తన జాబితాలో చేర్చింది.

ఇవన్నీ నెట్‌వర్క్ కోడ్‌లోనే ఎందుకు ఇంతగా వస్తాయి అంటే, నాకు అర్థమైనంతలో, అక్కడ ఏ వస్తువుకీ ఒక్క ఓనర్ ఉండడు. ప్యాకెట్ ఇంటరప్ట్‌లో పుడుతుంది, ఒక క్యూలో ఆగుతుంది, ఫైర్‌వాల్ ఒక చెయ్యి వేస్తుంది, టైమర్ ఒకటి దాని కోసం కాచుకుని ఉంటుంది, యూజర్ ప్రోగ్రామ్ సరిగ్గా అదే సమయానికి సాకెట్ (కనెక్షన్‌లో ప్రోగ్రామ్ వైపు కొస) మూసేస్తుంది. ఇందరి చేతుల్లో ఉన్నదాన్ని ఎవరు చివరగా వదలాలి అన్నది సీ భాషలో ఎక్కడా రాసి ఉండదు, రాసినవాడి బుర్రలో ఉంటుంది, వాడు కంపెనీ మారితే బుర్ర కూడా వెళ్లిపోతుంది. దీన్ని రస్ట్ భాషలో కంపైలరే అడుగుతుంది అంటారు. నిజమే గానీ, నెట్‌వర్క్ వైపు ఒక చిన్న రస్ట్ డ్రైవర్ రావడానికే 6.8 దాకా పట్టింది, మా ఆరు వేల లైన్లు ఎవరు తిరగరాస్తారు.

మందు చివరికి కెర్నల్ సొంత కోడ్‌లోనే దొరికింది. నెట్ కోర్‌లో సాకెట్ ఫైల్ ఒకటి ఉంది, అందులో సాకెట్ టైమర్‌ని పెట్టేదీ ఆపేదీ రెండు బుల్లి ఫంక్షన్లు. పెట్టేటప్పుడు, టైమర్ ఇంతకు ముందు నిద్రలో ఉండి ఇప్పుడే లేచిందంటే సాకెట్ లెక్కలో ఒకటి పెంచుతుంది. ఆపేటప్పుడు, నిజంగా కాచుకుని ఉన్న టైమర్‌నే ఆపగలిగితే ఆ ఒకటి తగ్గిస్తుంది. ఆపలేకపోతే, అంటే అబ్బాయి అప్పటికే మెట్ల మీద ఉంటే, తగ్గించదు, వాడే పని ముగించుకుని వెళ్తూ తగ్గిస్తాడు. అంటే పాలబ్బాయి చేతిలోనూ ఇంటి తాళం చెవి ఒకటి ఉంటుంది, అన్ని చెవులూ వెనక్కి వచ్చాకే ఓనర్ ఇంకొకరికి అద్దెకిస్తాడు. ఎవరూ ఎవరి కోసం గుమ్మంలో ఆగక్కర్లేదు. ఇంత సింపుల్‌గా ఉంటే నేను అన్ని రోజులు ఎందుకు కొట్టుకున్నానో అనిపించింది, చదివాక అన్నీ సింపులే.

అదే పద్ధతి మా సెషన్‌కి పెట్టాను. ఇంకో తిరకాసు, మా టైమర్ తనని తాను మళ్లీ పెట్టుకుంటుంది కాబట్టి, సెషన్ పోయింది అని ఒక గుర్తు పెట్టి, లాక్ తీసుకున్నాక ఆ గుర్తు చూసి, పోయి ఉంటే మళ్లీ పెట్టుకోకుండా వెళ్లిపొమ్మని రాయాలి. (6.2 నుంచి టైమర్‌ని ఇక లేవనివ్వకుండా శాశ్వతంగా మూసే ఫంక్షనే ఇచ్చారు, అది మాకు లేదు.) ఈ పని చేస్తుంటే దీని తమ్ముడు ఇంకొకడు దొరికాడు: సెషన్ వెతికే ఫంక్షన్ లాక్ తీసుకుని, దొరకగానే లాక్ వదిలేసి, పాయింటర్‌ని చేతిలో పెట్టి పంపుతోంది. ప్యాకెట్ దారిలో ఉన్న కోడ్ ఆ పాయింటర్‌ని లాక్ లేకుండానే వాడుతోంది, రోజుకి కోట్ల సార్లు. దానికి ఆర్‌సీయూ (చూస్తున్నవాళ్లు ఉన్నంతసేపు ఫ్రీ కాకుండా ఆపే కెర్నల్ పద్ధతి) కింద వెతికి, లెక్క సున్నా కానప్పుడు మాత్రమే ఒకటి పెంచి ఇచ్చేలా మార్చాను. సున్నా అయిపోయిందంటే ఆ సెషన్ పాడె ఎక్కేసినట్టే, దాన్ని మళ్లీ ఒకటి చేసి లేపకూడదు. ఫ్రీ చేసే చోట కూడా, ఇంకా చూస్తున్నవాళ్లంతా చూపు తిప్పుకున్నాకే ఫ్రీ అయ్యేలా మార్చాను.

ఈసారి కేసాన్, లాక్‌డెప్ రెండూ పెట్టి, ఆ 5 మిల్లీసెకన్ల లైను అలాగే ఉంచి, మూడు రోజులు వదిలాను. పడలేదు. అన్న వచ్చి స్క్రీన్ చూసి, "శుక్రవారం పంపకు" అని మాత్రం అన్నాడు. మంగళవారం పంపాం.

తర్వాతి గొడవ కోడ్ గురించి కాదు. నేను దీన్ని సెక్యూరిటీ తప్పుగా చెప్పాలన్నాను, మేనేజర్ క్రాష్ ఫిక్స్ అన్నాడు. "కేబుల్ నెట్ డబ్బా కోసం ఎవడు కూర్చుని ఇదంతా చేస్తాడు?" అని ఆయన వాదన. నేను దాడి కోడ్ రాయలేదు, రాయగలనని కూడా చెప్పను. కానీ చెప్పడానికి నా దగ్గర ఆ కాగితం ఉంది: ఏ అక్షరాల వైపు కెర్నల్ దూకాలో ఇంట్లో కూర్చున్న సబ్‌స్క్రైబర్ టైప్ చేశాడు, అదీ తెలియకుండానే. తెలిసి చేసేవాడు లాగిన్ లాగౌట్లని లెక్క చూసుకుని కొడతాడు, డీఎన్ఎస్‌లో తనకి కావాల్సిన బైట్లే అడుగుతాడు. ఆ డబ్బా చేతికొస్తే ఊరి మొత్తం ట్రాఫిక్ వాడి చేతిలో. ఒక పేజీ రాసిచ్చాను. రిలీజ్ నోట్‌లో చివరికి పడింది "స్థిరత్వంలో మెరుగుదలలు" అని రెండు ముక్కలు. కెర్నల్ వాళ్లు 2024 ఫిబ్రవరి నుంచి తమ కోడ్‌కి తామే సీవీఈ నంబర్లు ఇస్తున్నారు, చిన్నదీ పెద్దదీ అన్నిటికీ ఇచ్చేస్తున్నారని వాళ్లని తిట్టేవాళ్లూ ఉన్నారు. మాది వాళ్ల అసలు కెర్నల్‌లో లేని కోడ్, మేం అడిగితే తప్ప ఎవరూ ఇవ్వరు, మేం అడగలేదు. నేను చేయగలిగింది ఒకటే చేశాను, ఆపరేటర్లందరికీ సపోర్ట్ వాళ్లతో ఫోన్ చేయించి, ఈ అప్‌డేట్ వాయిదా వేయొద్దని చెప్పించాను. ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

మా మాడ్యూళ్లన్నిట్లో డెల్ టైమర్ అని వెతికితే 31 చోట్ల వచ్చింది. ఒక్కొక్కటే చూస్తున్నాను: ఇక్కడ ఎవరు పిలుస్తున్నారు, అప్పుడు ఏ లాక్ చేతిలో ఉంది, తర్వాత ఫ్రీ ఉందా. 19 అయ్యాయి, మూడింటి పక్కన ఎర్ర గీత పెట్టుకున్నాను.

మొన్న ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నెల రోజులైంది, ఒక్కసారి కూడా పడలేదు. ఆ నాలుగింటి రీబూట్ తీసెయ్యనా?"

ఇంకొన్ని రోజులు ఉంచమన్నాను.